మా నలుగురి పాస్‌వర్డులు

యూనివర్సిటీల మేనేజ్‌మెంట్ పాఠం చెప్పేటోనికి మేనేజ్‌మెంట్ వస్తదని లోకం అనుకుంటది. నా మొహం వస్తది! ముప్పై ఏండ్ల సంది లీడర్‌షిప్ చెప్తున్న. అవే నోట్సు, అవే ఉదాహరణలు. ఇప్పుడు తార్నాకల ఇంటి నుంచి క్యాంపస్ దాక నడవాలన్నా పానం మీదికొస్తున్నది. మోకాళ్ళ నొప్పి ఒకటి, పోర్టల్ ఒకటి.

పోర్టల్ అంటే రెండేండ్ల కింద మా యూనివర్సిటీ తెచ్చిన కంప్యూటర్ పద్ధతి. పిల్లల హాజరు, ఆ దినం చెప్పిన పాఠం, మార్కులు, అన్నీ సాయంత్రం ఐదు లోపల అండ్ల ఎక్కియ్యాలె. టైముకు ఎక్కిస్తే ఆ దినం గడి పచ్చగైతది, ఐదు దాటితే ఎర్రగైతది, మళ్ళ తెరుచుకోదు. ట్రైనింగ్ అని మమ్మల్ని ఆడిటోరియంల కూసోవెట్టిన్రు. టై కట్టుకొచ్చినాయన ఎవరో "చాలా సింపుల్ సార్" అని పదిసార్లు అన్నడు. ఇంటికొచ్చి తెరిస్తే మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టిన, తాళం పడ్డది. నేను డిపార్ట్‌మెంట్ హెడ్‌ను. మిగిలిన ముగ్గురు ప్రొఫెసర్లూ నా ఈడోళ్ళే, వాళ్ళదీ గదే కథ.

మా దగ్గర ఒక పార్ట్‌టైమ్ లెక్చరర్ ఉండె. పీహెచ్‌డీ చేసిన మనిషి, లాలాగూడ నుంచి బస్సుల వచ్చేది. పర్మనెంట్ కాదు, ఏడాదికోసారి కమిటీ కూసొని రెన్యువల్ చేస్తేనే కొలువు. నా అవస్థ చూసి, "గింత దానికి టెన్షన్ ఎందుకు సార్? నాకియ్యండి, నేను ఎక్కిస్త" అన్నది. చీటీ మీద పాస్‌వర్డ్ రాసిచ్చిన. నెల తిరిగేసరికి మిగిలిన ముగ్గురూ ఇచ్చిన్రు. పాస్‌వర్డ్ ఎవ్వరికీ చెప్పొద్దు, చెప్తే చర్య తీసుకుంటమని సర్క్యులర్ ఉన్నది. దాన్ని నోటీసు బోర్డుకు అతికించింది నేనే.

ఇగ రోజూ మూడున్నరకు ఫోను. "సార్, ఓటీపీ?" నేను ఎక్కడుంటే అక్కడ నిలవడి నా ఫోన్‌కొచ్చిన ఆరంకెలు చదివేటోన్ని. హబ్సిగూడల టిఫిన్ సెంటర్ల చట్నీ చెయ్యితోని ఫోన్ వట్టుకొని చదివిన. తార్నాక చౌరస్తాల బస్సుల హారన్ల నడుమ ఒర్రిన. ఒకసారి క్లాసుల ఇంకొకలకు పని అప్పజెప్పుడు గురించి, అంటే డెలిగేషన్ గురించి చెప్తుంటే మోగింది. పిల్లల ముందరే చదివిన. "డెలిగేషన్ అంటే గిదేనా సార్?" అని ఒక స్టూడెంట్ అన్నది. అందరు నవ్విన్రు, నేనూ నవ్విన. సిగ్గు గాలె అప్పుడు.

పార్ట్‌టైమోళ్ళను లెక్కల పట్టరు గని, పర్మనెంటోళ్ళ గడులు చూస్తే యూనివర్సిటీ మొత్తంల మా డిపార్ట్‌మెంట్ ఒక్కటే ఏ దినం చూసినా పచ్చగ ఉండె. నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువ కప్పిన్రు. టెక్నాలజీ వచ్చినంక లీడర్ ఎట్ల మారాలెనో మాట్లాడుమన్నరు. ఏం చెప్పాలె, నలభై నిమిషాలు దంచిన. స్లైడ్లు తయారు చేసింది ఆమె. కంప్యూటర్ దగ్గర కూసొని ఒక్కొక్కటి జరిపింది ఆమె. ఆఖర్న థాంక్స్ చెప్పేటప్పుడు వైస్ ఛాన్సలర్ కాడి నుంచి మైకు సరిచేసినాయన దాక అందరిని తలుచుకున్న, ఆమెను మర్చిపోయిన. కావాలని కాదు. ఇంట్లోళ్ళకు ఎవరన్న థాంక్స్ చెప్తరా, గట్లనే అయింది.

ఈ యేడు రెన్యువల్ కమిటీల హెడ్‌గ నేను కూసున్న. అంతకుముందయితే హెడ్ నాలుగు మంచి మాటలు చెప్తే పని అయిపోతుండె. ఇప్పుడు పోర్టల్ ఏం చూపిస్తే అదే. ఆమె పేజీ తెర మీద వేసిన్రు. వారానికి ఒకటో రెండో పచ్చగడులు, మిగిలిందంత ఎరుపు. ఆమె ఒక్క క్లాసు ఎగ్గొట్టలె, నాకు తెలుసు. మేము ఫోన్లు ఎత్తి ఓటీపీ చెప్పేదాక ఆగి, మా నలుగురివీ ఒకటెనక ఒకటి ఎక్కించేసరికి ఐదయ్యేది. తనది ఆఖర్న మిగిలిపోయేది. పాపం, ఇన్ని దినాలల్ల ఒక్కసారన్న ఆ మాట మాతోని అనలె. మేమూ అడగలె.

"ఈవిడ క్లాసులకి రావట్లేదా ఏంటండీ? మీరు హెడ్డు కదా, చెప్పండి" అన్నరు ఛైర్మన్.

మా పనంత ఆమెనే చేసింది. ఆ ఒక్క ముక్క నోటి దాక వచ్చింది. అన్ననంటే నలుగురికీ మెమోలు. నాకు రిటైర్మెంట్‌కు ఎనిమిది నెలలు ఉన్నయి. శాలువ కప్పించుకున్న మొహం ఎక్కడ వెట్టుకోవాలె? "పాఠం మంచిగనే చెప్తదండీ" అని నసిగిన.

"పాఠం సరే సార్. డేటా చూడండి."

ఆమె పేరు కొట్టేసిన్రు. సభ్యులందరు ఎవరి లాగిన్‌ల వాళ్ళు సంతకం చెయ్యాలె అన్నరు. నా పాస్‌వర్డ్ నాకు తెల్వదు! నెలనెలా మార్చాలె, మార్చేది ఆమె. వరండాలకొచ్చి ఫోన్ చేసిన. చెప్పింది. రాసుకున్ననో లేదో అని రెండోసారి కూడ చెప్పింది. "రెన్యువల్ మీటింగ్ ఇయ్యాల్నే కద సార్? నా ఫైలు వచ్చిందా?" అని అడిగింది.

"ఇంక రాలేదమ్మా" అన్న. లోపలికి పోయి సంతకం చేసిన.

ఆర్డర్ వచ్చేటందుకు పదకొండు దినాలు పట్టింది. ఆ పదకొండు దినాలు సుత రోజూ మూడున్నరకు ఫోను వచ్చింది. నేను ఓటీపీ చెప్పిన. ఎంత నీచమో తెలిసే చెప్పిన. రేపు చెప్త, ఎల్లుండి చెప్త అనుకుంట గడిపిన. అలసిపోయిననని నాకు నేనే సర్దిచెప్పుకున్న. అలసట కాదది, పిరికితనం.

పన్నెండో దినం నా రూముకొచ్చి ఫోన్ల ఆర్డర్ తెరిచి ముందర వెట్టింది. కింద నా పేరు, తారీఖు, టైము.

"మీరు నాకు ఫోన్ చేసింది పన్నెండు పదికి సార్. సంతకం పన్నెండు పదమూడుకు పడ్డది."

కమిటీ అన్న, రూల్స్ అన్న, ఏదేదో గొణిగిన. మొత్తం ఇన్నది. "ఒక్క మాట అంటే అయిపోతుండె సార్" అన్నది. కండ్లల్ల నీళ్ళు తిరిగినయి గని కింద పడనియ్యలె. నాకు తలకాయ ఎత్తబుద్ధి కాలె.

వెళ్ళిపోతదనుకున్న. పోలె. నా కంప్యూటర్ తెరిచి నన్ను ముందర కూసోమన్నది. "రేపటి నుంచి మీరే ఎక్కియ్యాలె కద, చూడండి." ఆ దినం నా క్లాసు హాజరు, పాఠం నా చేతనే ఎక్కించింది. ఎక్కడ నొక్కాలెనో వేలితోని చూపించింది. తప్పు కొడితే విసుక్కోకుంట మళ్ళ చెప్పింది. నాలుగు నిమిషాలు పట్టింది.

"ఇంతేనా అమ్మా?" అన్న.

"ఇంతే సార్" అని బ్యాగు భుజానికేసుకొని పోయింది.