అరాన్సిబియాగారి అంకె

డాక్టర్ ఫౌస్తో అరాన్సిబియాకి పలకరించడం రాదు, అంకె చెప్పడం ఒక్కటే వచ్చు. వాళ్ల కోచబాంబా ఊళ్లో జనం “కులాసానా?” అనుకునే చోట ఆయన “అరవై రెండు” అనేవాడు. “మా పేపరు” అని ఆయన పిలుచుకునే ఒక రచనని లోకంలో ఎన్ని పేపర్లు ప్రస్తావించాయో, అంటే దాని సైటేషన్లు ఎన్నో, ఆ లెక్క అది. పెళ్లిలోనూ అదే అంకె, శవయాత్రలోనూ అదే అంకె. శవయాత్రలో మాత్రం టోపీ తీసి చెప్పేవాడు.

ఆ అంకెకి నిత్యశ్రోత డాక్టర్ రెమేదియోస్ ఉర్కీది. ఇద్దరి పరిశోధనా ఒకే జబ్బు మీద. మట్టిగోడల పగుళ్లలో దాగే వించూకా పురుగు కుట్టి అంటించే, ఏళ్ల తర్వాత గుండెని దెబ్బతీసే చాగాస్ జబ్బు అది. పరిశోధనశాలలో ఆయనది పురుగు వైపు, రోడ్డుకి అవతలి ఆస్పత్రిలో ఆవిడది గుండె వైపు. పదిన్నర అయ్యేసరికి ఇద్దరూ దోన్యా హుస్తీనా బండి దగ్గర, మాంసం పులుసు కూరిన కజ్జికాయల్లాంటి సల్తేన్యాలు తింటూ కనిపించేవారు.

“ఇవాళ ఎంత పలికింది డాక్టరుగారూ?” అని ఉల్లిపాయల ధర వాకబు చేసినట్టు అడిగేది హుస్తీనా.

“అరవై నాలుగు! పరాగ్వే నుంచి!”

“పరాగ్వే వాళ్లు మంచోళ్లు. కారం వెయ్యనా?”

ఒకసారి పెరూలో ఎవరో తన పేపరు తప్పుల తడకని ఒప్పుకుని వెనక్కి తీసుకున్నాడు. అంకె డెబ్భై ఒకటి నుంచి డెబ్భైకి దిగింది. అరాన్సిబియా మూడు రోజులు నల్ల టై కట్టుకుని తిరిగాడు.

ఇక సదస్సుల్లో ఆయన ధాటికి ఆగినవాడు లేడు. ఒక బ్రెజిల్ ప్రొఫెసర్ని స్నానాలగది వాకిట్లో చొక్కా చేయి పట్టుకుని ఆపాడు. “మీ పేపరు దివ్యం. కానీ పదకొండో వాక్యంలో ‘అందరికీ తెలిసిందే’ అన్నారు. అందరికంటే ముందు ఒకరికి తెలిసుండాలి కదా? ఎవరికి?” పాపం ఆ పెద్దమనిషికి అప్పుడు వేరే అత్యవసరం ఉంది. ‘మా పేపరు’ ప్రస్తావన చేరుస్తానని ఒట్టేసి బయటపడ్డాడు.

అరాన్సిబియా చెప్పే ‘మా పేపరు’ మొత్తం రెండే పేజీలు. కట్టలకొద్దీ నకళ్లు తీయించి కనిపించినవాళ్లందరికీ పంచేవాడు. సల్తేన్యా కొరికితే లోపలి పులుసు మోచేతిదాకా కారుతుంది కనక ఉర్కీదికి ఆ నకళ్లు బాగా పనికొచ్చేవి. పదకొండేళ్లుగా ఆవిడ వాటితోనే చేతులు తుడుచుకుంటోంది.

“నా పేపర్లకి వేలల్లో ఉన్నాయి. నేనెప్పుడైనా బజార్లో నిలబడి అరిచానా?” అనేది.

“మీరూ ఒక్కసారి ప్రస్తావిస్తే నేనూ కాస్త తక్కువ అరుస్తాను డాక్టరమ్మా.”

“ప్రాణం పోయినా మీ గొప్పకి నేను చెయ్యి వెయ్యను.”

అలా పెరిగి పెరిగి, ఆ అక్టోబరులో అంకె తొంభై తొమ్మిది దగ్గర కూర్చుంది. ఆరు వారాలైనా లేవలేదు. ఒక శుక్రవారం అరాన్సిబియా బండి దగ్గరికొచ్చి, చరిత్రలో మొదటిసారి, “బాగున్నారా?” అన్నాడు.

హుస్తీనా చేతిలోంచి పట్టకారు జారింది.

“ఏమిటీ నీరసం? ఒక్కటి తక్కువైతే కొంపలు మునుగుతాయా?” అంది ఉర్కీది.

“సోమవారం కమిటీ కూర్చుంటోంది. కసిల్దాని తీసేస్తారు.”

కసిల్దా కోల్కే అంటే పరిశోధనశాలలో ఇరవై ఆరేళ్లుగా పురుగుల్ని పెంచే మనిషి. డిగ్రీ లేదు.

“అయ్యో! దానికీ మీ అంకెకీ ఏమిటి సంబంధం?”

“డిగ్రీ లేనివాళ్లు ఉండాలంటే ఒకటే దారి. సొంత రచనని బయటివాళ్లు వందసార్లు ప్రస్తావించాలి. ఇంతకీ ఆ అంకె నాదని మీకెవరు చెప్పారు?”

ఉర్కీది చేతిలో ఉన్న నకలు విప్పింది. ఒక మూల పులుసు మరక. పదకొండేళ్లుగా తన బొటనవేలు తుడుచుకుంటున్న చోట ఒకే ఒక్క పేరుంది: కసిల్దా కోల్కే. కోళ్లగూడు పడకగది గోడకి ఆనుకుని ఉంటే పురుగు ఆ గోడ దాటి మంచానికి చేరుతుందని, నూట నలభై ఇళ్లు తిరిగి, ఒక్కో గోడా తడిమి చూసి రాసింది.

“మరి ‘మా పేపరు’ అంటారేం? నిజం చెప్పొచ్చుగా!”

“చెబితే జాలిపడి రాస్తారు. ఆవిడకి జాలి దేనికి? ఆవిడ చెప్పింది నిజం. చదివితే చాలు. మీరు చదవలేదు, తుడుచుకున్నారు.”

ఉర్కీది సల్తేన్యాని సగంలో వదిలేసి రోడ్డు దాటింది. ఆదివారం వెలువడబోయే తన పేపరు ఆఖరి ప్రూఫు బల్లమీదే ఉంది. నాలుగో పేజీలో, సాక్షాత్తూ తను రాసిన వాక్యం: “కోళ్లగూళ్ల వల్ల పురుగు ఇంట్లోకి చేరుతుందన్నది అందరికీ తెలిసిందే.” ఆవిడ ‘అందరికీ’ కొట్టేసింది. ఆ చోట కసిల్దా పేరు రాసింది. జాలితో కాదు, సిగ్గుతో.

సోమవారం మధ్యాహ్నం వీధి ఆ చివర నుంచే కేక వినిపించింది. “వంద!” కుక్కలు మొరిగాయి. వెనకాలే కసిల్దా, ఎవరు గెలిచారో తెలియని మనిషిలా నవ్వుతూ వచ్చింది.

“అమ్మయ్య, ఇక ఈ వీధికి విశ్రాంతి,” అంది ఉర్కీది.

మంగళవారం పదిన్నరకి అరాన్సిబియా గొంతు సవరించుకున్నాడు.

“మూడు.”

“మూడేమిటి?”

“మా జీపు డ్రైవరు ఎలెయూతేరియో. వానాకాలంలో పురుగు ఏ రోడ్ల వెంట పాకుతుందో రాశాడు. చక్కగా రాశాడు.” జేబులోంచి ఒక నకలు తీసి అందించాడు.

ఉర్కీది పులుసు చేతులు చూసుకుంది, నకలు చూసింది. తర్వాత చేతులు రెండూ శుభ్రంగా తన తెల్లకోటుకి తుడుచుకుని, అప్పుడు అందుకుంది.