ఉద్వాసన దాకా కదపని ల్యాప్‌టాప్

2025 అక్టోబరు 6, సోమవారం, ఉదయం 10 గంటల 40 నిమిషాలు. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక పాత కాంప్లెక్సు రెండో అంతస్తులో ధనరాజ్ తన దుకాణం షట్టరు ఎత్తాడు. దుకాణం వెడల్పు ఎనిమిది అడుగులు, అతని వయసు నలభై ఆరు. అల్మాస్‌గూడ రైతు కుటుంబం. పొలం ప్లాట్లయిన ఏడాదే అతని ఎలక్ట్రానిక్స్ డిప్లొమా పూర్తయింది. స్టార్ట్ కాని కంప్యూటర్ల నుంచి ఫైళ్లు తీసివ్వడం ఇరవై రెండేళ్లుగా అతని వృత్తి. ‘వస్తాయి’ అని ఎవరికీ చెప్పడు, ‘చూస్తా’ అంటాడు.

మెట్ల దగ్గర అప్పటికే ఇద్దరు ఎదురుచూస్తున్నారు: వనస్థలిపురం నుంచి వచ్చిన చక్రపాణి, ఆయన భార్య సూర్యప్రభ. తెనాలి వారు. చక్రపాణి ఎల్బీనగర్‌లోని ఒక కోచింగ్ సెంటరులో ఇరవై ఏడేళ్లు రసాయనశాస్త్రం బోధించాడు. క్యాన్సరు వల్ల ఆగస్టులో ఆయన స్వరపేటికను పూర్తిగా తొలగించారు. మెడలోని రంధ్రంపై పల్చని గుడ్డ, చేతిలో పలక.

విషయం సూర్యప్రభ చెప్పింది. ఆపరేషనుకు ముందు, డాక్టరు సలహాపై, ఆయన పదకొండు రోజులు కూర్చొని తన గొంతుతో మూడు వందల ఇరవై వాక్యాలు రికార్డు చేశాడు. వాటిని ఒక యంత్రానికి నేర్పితే, ఇకపై ఆయన టైపు చేసిన మాటను అది ఆయన గొంతుతోనే పలుకుతుంది. కనీసం యాభై పూర్తి వాక్యాలు కావాలి. అన్నీ ఆమె సంచిలో తెచ్చిన ఈ ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మరో కాపీ లేదు. మహర్నవమి నాడు ఆయుధపూజలో దీన్ని కూడా పీట మీద పెట్టారు. మర్నాటి నుంచి ఇది స్టార్ట్ కావడం లేదు.

ధనరాజ్ మూత తెరిచాడు. కీల సందుల్లో కుంకుమ గట్టిపడి ఉంది.

“కొబ్బరికాయ దేవునికి కొట్టిండ్రా, దీనికి కొట్టిండ్రా, మేడం?”

“పక్కనే కొట్టానండీ. నాలుగు చుక్కలు పడ్డాయంతే.”

చక్రపాణి పలక మీద రాసి చూపించాడు: ‘అర గ్లాసు.’

ఆ సమయంలో ఛార్జరు తగిలించే ఉందని కూడా తేలింది. వెంటనే వైరు పీకి బోర్లిస్తే నష్టం కీబోర్డుతోనే ఆగేదని ధనరాజ్ వివరించాడు.

“పొద్దున దాకా గట్లనే ఎట్ల ఉంచిండ్రు?”

“పూజలో పెట్టినదాన్ని ఉద్వాసన చెప్పకుండా కదపకూడదు కదండీ.”

చక్రపాణి పలక తుడిచి మళ్లీ రాశాడు: ‘కొబ్బరి నీళ్లలో పొటాషియం లవణాలు. విద్యుత్ ప్రవహిస్తుంది. నాకు తెలుసు. నేనూ కదపలేదు.’

ధనరాజ్ సోల్డరింగ్ ఐరన్ పిడికి, స్క్రూడ్రైవర్లకు నవమి నాటి బొట్లు ఇంకా ఉన్నాయి. అతడూ దశమి ఉద్వాసన దాకా వాటిని ముట్టలేదు.

దశమి ఉదయం ఉద్వాసన అయ్యాక ఆ దంపతులు నాలుగుసార్లు పవర్ బటన్ నొక్కారు. నాలుగోసారి కాలిన వాసన వచ్చింది.

హార్డ్ డిస్కు సరిగ్గా కీబోర్డు కింద ఉంది. దాని సర్క్యూట్ బోర్డు మాడిపోయింది. అదే మోడల్, అదే తయారీ నెల ఉన్న పాత డిస్కు కోసం ధనరాజ్ ఐదు రోజులు వెతికాడు. దాని బోర్డు తీసి, మాడిన బోర్డులోని బియ్యపుగింజంత చిప్పును దానికి అతికించి, చక్రపాణి డిస్కుకు బిగించాడు. డిస్కు తిరిగింది, కానీ ప్రతి రెండు మూడు నిమిషాలకు టిక్కుమని ఆగేది. డిస్కుకు గాలి పోయే సన్నని రంధ్రం గుండా తేమ లోపలికి చేరింది. చల్లారనిచ్చి, మళ్లీ తిప్పి, ఆరు రోజులపాటు ముక్కలు ముక్కలుగా కాపీ చేశాడు. తర్వాత డిస్కు తిరగడం మానేసింది.

అక్టోబరు 17, శుక్రవారం, మధ్యాహ్నం 3 గంటల 15 నిమిషాలు. దంపతులు బల్లకు అవతల కూర్చున్నారు. చక్రపాణి తాను రికార్డు చేసిన వాక్యాల జాబితా తెచ్చాడు. ధనరాజ్ దొరికిన ఫైళ్లను వరుసగా వినిపించాడు. చాలావాటిలో గరగర తప్ప ఏమీ లేదు. ఒకటి ‘సూర్యా, గొడుగు’ దగ్గర తెగిపోయింది. సూర్యప్రభ దాన్ని మళ్లీ పెట్టమంది. అతడు పెట్టాడు. అక్కడే తెగింది.

చక్రపాణి మాత్రం తల ఎత్తలేదు. ఆది నుంచి తుది దాకా వినబడిన ప్రతి వాక్యం పక్కన పెన్సిలుతో టిక్కు పెట్టాడు. చివరి ఫైలు అయ్యాక టిక్కులను రెండుసార్లు లెక్కించి, పలక మీద రాసి, ఇద్దరికీ కనబడేలా తిప్పాడు.

17.