ఒక్క దెబ్బంటే ఆపమని

ఇది ఒక మహాగాథ. కరువు నేల, నడినెత్తిన ఎండ, ఒక తల్లి, ఒక కొడుకు, ఐదు వేల లీటర్ల జలరాశి, మృత్యువుతో ముఖాముఖి. ఇంత చెప్పాక మాట మార్చడం మర్యాద కాదు కానీ, నిజానికిది ట్రాక్టరుకు నీళ్ళ ట్యాంకరు తగిలించడం గురించి. ఇందులో నాకంటే పెద్ద పాత్ర ఒక వేపపుల్లది.

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఊళ్ళో దయ్యం ఉందన్న ప్రతి చోటా పడుకుని చూశాను. దోమలు తప్ప ఎవరూ పలకరించలేదు.

మాది శింగనమల దగ్గర పల్లె. ఊరి పక్క మిట్ట మీద మాకు చీనీ తోట, అంటే బత్తాయి తోట, ఉంది. చెట్లన్నీ నాయన పెట్టినవే. నాయన పోయిన ఎండాకాలమే బోరు కూడా పోయింది, ఇద్దరూ మాట్లాడుకున్నట్టు. చెట్లు కొట్టేద్దామని నేనంటే అమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు ట్యాంకరు తోలడం మొదలుపెట్టాను. కింద ఒక రైతు బోరు దగ్గర నింపుకోవడం, మిట్ట ఎక్కించడం, ట్యాంకరుకున్న పైపుతో చెట్టుకు కొన్ని కొన్ని పట్టడం. వాన పడేదాకా ఇదే పని.

నాయన ఉన్నప్పుడు ఊళ్ళో పెళ్ళిళ్ళకూ ఇళ్ళ పనులకూ నీళ్ళు తోలేవాళ్ళం. ట్యాంకరు తగిలించడంలో ఆయనకు ఒక పద్ధతి ఉండేది. నేను ట్రాక్టరును రివర్సు తెస్తుంటే ఆయన ట్యాంకరు పక్కన నిలబడేవాడు. ఇంజను మోతలో మాట వినపడదు కాబట్టి అరచేత్తో రేకు మీద కొట్టేవాడు. ఒక్క దెబ్బంటే ఆపమని. రెండంటే ట్రాక్టరు హుక్కునూ ట్యాంకరునూ కలిపే పిన్ను దిగింది, పిన్ను లేచి రాకుండా కింద క్లిప్పు కూడా పడింది, ఇంక పోవచ్చని. తగిలించేటప్పుడు ట్యాంకరు ఎప్పుడూ ఖాళీయే కనుక ఆ దెబ్బ ఠంగుమని మోగేది.

ట్రాక్టరు పూర్తిగా ఆగేదాకా దానికీ ట్యాంకరుకూ మధ్యకు ఆయన పోడు, ఎవరినీ పోనివ్వడు. ఒకసారి నేను దూరితే చొక్కా పట్టి ఈడ్చినాడు.

"ఏమప్పా, నువ్వేమన్నా పిన్నా, నడాన నిలబడేకి?"

మా ఇంట్లో హాస్యం ఎవరి వైపు నుంచి వచ్చిందో దీన్నిబట్టి మీకు తెలిసే ఉంటుంది.

ఆ రోజు పొద్దున తగిలించబోతే క్లిప్పు కనపడలేదు. పిన్ను ఊడినా ట్యాంకరు విడిపోకుండా నాయన అదనంగా ఒక గొలుసు కట్టేవాడు. అదీ లేదు. నెల కిందట దాన్ని నేనే తీసి పాలిచ్చే ఎనుముకు కట్టాను. నా నోట్లో వేపపుల్ల ఉంది. దాన్నే విరిచి పిన్ను కింది రంధ్రంలో దూర్చాను. కొలిచి చేసినట్టు సరిపోయింది. ఇంజనీరింగు మధ్యలో మానేసినందుకు మొదటిసారి గర్వపడ్డాను.

నింపుకుని మధ్యాహ్నం మిట్ట ఎక్కుతున్నాం. నేను ట్రాక్టరు మీద. అమ్మ ట్యాంకరు వెనకే నడుస్తోంది. పైపు నేలకు రాసుకుంటే చిల్లులు పడతాయని చుట్టను రెండు చేతులా ఎత్తిపట్టుకుంది. దారంతా గుంతలు. సగం ఎక్కాక, నా కుడి భుజం వెనక, ట్యాంకరు మీద ఠంగుమని ఒక్క దెబ్బ పడింది.

ఆపాను. ఆలోచించి ఆపలేదు. ఆ దెబ్బకు కాలు బ్రేకు మీదికి పోవడం పదేళ్ళ అలవాటు.

"ఏమిరా, ఈడ నిలబెట్టినావు?" అని వెనక నుంచి అమ్మ అరిచింది.

"నువ్వే కదమ్మా కొట్టింది!"

"నేనెట్ల కొడతా? రెండు చేతుల్లో పైపు ఉండాది, కనపల్లేదా?"

దిగి చూశాను. వేపపుల్ల ఎక్కడో విరిగిపోయింది. పిన్ను పైకి లేచి చివర వేలెడంత మాత్రం హుక్కులో ఉంది. ఇంకొక్క గుంత పడి ఉంటే ట్యాంకరు విడిపోయేది, నీళ్ళన్నీ వెనక్కి తోసుకుపోయి అది అమ్మ మీదికి దిగేది.

ముందు అమ్మను పక్కకు రమ్మన్నాను. ట్యాంకరు చక్రాల వెనక రాళ్ళు పెట్టాను. పిన్ను కిందికి కొట్టి, కట్టుతీగ దూర్చి, ముడేశాను. 

అమ్మ వచ్చి, రంధ్రంలోంచి నేను పొడిచి పడేసిన పుల్ల ముక్కను ఏరి చూసింది.

"పండ్లు తోముకునే పుల్ల పెట్టినావా దీనికి?"

"తోముకున్యాకే పెట్టినా మా."

  అమ్మ ఆ ముక్క పారేసి ట్యాంకరు మీద చెయ్యి పెట్టింది. తర్వాత, నాతో కాదు, మెల్లగా అంది:

"నీ కొడుకు చూసుకున్యాడు లేయ్యా. ఇంక పోయి పండుకో."

నేను కారణాలు వెతక్కుండా ఉండలేదు. పిన్ను కొట్టుకుని చప్పుడైందేమోనని ఊపి చూశాను. కిర్రుమంది. చక్రం కింద నుంచి రాయి ఎగిరిందేమోనని రేకుకు రాయి విసిరి చూశాను. టక్కుమంది. నిండు ట్యాంకరు మీద అరచెయ్యి ఎర్రబడేదాకా కొట్టాను. ఎన్నిసార్లు కొట్టినా దప్పుమందే తప్ప మోగలేదు. నేను విన్నది ఖాళీ ట్యాంకరు చప్పుడు. ఆ మధ్యాహ్నం అందులో ఐదు వేల లీటర్లున్నాయి. 

చెట్లు వానదాకా నిలబడ్డాయి, మూడు తప్ప. ఇప్పుడు ట్యాంకరు తగిలించాక నేనే దిగి చూసి, నేనే రెండు దెబ్బలు కొడతాను. సీటెక్కి కాసేపు ఆగుతాను, అవతలి వైపు నుంచి ఒక్క దెబ్బ ఏమన్నా పడుతుందేమోనని. పడలేదంటే సరిగ్గానే పెట్టానని అర్థం. పడలేదని కొంచెం బాధగా కూడా ఉంటుంది.

క్లిప్పు హార్డ్‌వేరు అంగట్లో దొరుకుతుంది. పోయేటప్పుడు పిన్ను కూడా తీసుకుపోవాలి, లేకపోతే తప్పు సైజు ఇస్తారు.