కుళాయి దగ్గర నేనన్న మాట

“ఎవరు చెప్పమన్నారు మామ్మా నిన్ను? నా పేరు చెప్పావా? కాలేజీ కూడా చెప్పేశావా?”

“అడిగాడు, చెప్పానే. మెడలో కార్డు తగిలించుకుని, అండీ అండీ అంటూ గవర్నమెంటు మనిషి గుమ్మంలోకొస్తే మూగదానిలా కూర్చోమంటావా?”

“కూర్చోవాలి! మీకెందుకండీ అని అడిగి కూర్చోవాలి.”

“ఇంటికొచ్చినవాళ్ళకి మంచినీళ్ళిచ్చి మాట్లాడటం మా అమ్మ నేర్పింది నాకు.”

“ఇచ్చావుగా. రేపు నాన్న పని పోతే ఆ మంచినీళ్ళే తాగి పడుకుందాం అందరం.”

నా మనవరాలు భుజం మీది సంచి కూడా దించలేదు. భీమవరంలో ఇంజనీరింగు చదువుతోంది. బస్సు దిగి వచ్చీ రాగానే, మధ్యాహ్నం ఎవరో వచ్చి వెళ్ళారని నేనే గొప్పగా చెప్పాను. అక్కడ మొదలైంది గొడవ.

అరుగు మీద కూర్చుని లేసు అల్లుకుంటుంటే ఒకాయన వచ్చి, కాగితం చూసి ఇంటిపేరుతో సహా నన్ను పిలిచాడు. నన్నలా పిలిచినవాళ్ళు లేక ఎన్నేళ్ళయిందో. “ఈ సిమ్ము మీదేనాండి?” అన్నాడు. నాదేనన్నాను. పిల్లకి పద్దెనిమిదేళ్ళు నిండకముందు కొన్నది, వేలిముద్ర నేనే వేశాను. “కాలవ నీళ్ళ గురించి ఆన్‌లైన్లో రాసింది మీరేనాండి?” అన్నాడు. నాకు నవ్వొచ్చింది. మూడో తరగతితో బడి మానేసినదాన్ని. “నేనేం రాస్తానండి బాబూ! మా మనవరాలు రాస్తుంది, ముత్యాల్లా రాస్తుంది” అన్నాను. పిల్లని పొగుడుతున్నాననే అనుకున్నాను. పేరు, కాలేజీ, ఎన్నింటి బస్సుకి దిగుతుందో కూడా చెప్పాను. మా వైపు ఎవరమ్మాయని అడిగితే మూడు తరాలు చెప్పకపోతే పొగరంటారు. ఆయన రాసుకుని, రేపు పొద్దున్న మళ్ళీ వస్తానన్నాడు.

పిల్ల పేరు పెట్టకుండా, ఫోను నంబరు మాత్రమే ఇచ్చి ఫిర్యాదు రాసిందట. రొయ్యల చెరువుల నీళ్ళు మా కుళాయిలకొచ్చే మంచినీళ్ళ కాలవలోకి వదులుతున్నారని. మా అబ్బాయి, అంటే దాని నాన్న, అలాంటి చెరువు మీదే మేత వేసే పని చేస్తున్నాడు.

“ఆఫీసులో తెలిసింది సాయంత్రానికి చెరువు గట్టు మీదికి చేరుతుంది మామ్మా. ఓనరుకి తెలిస్తే నాన్నని రేపణ్ణుంచి రావద్దంటాడు.”

“అంత భయమున్నదానివి రాయడమెందుకు? రాశాక దొంగలా పేరు దాచుకోడమెందుకు?”

ఆ మాటకి పిల్ల ఏడ్చింది. ఏడుపులోనే ఇంకో మాట అంది. “దాచుకోనిచ్చావా నువ్వు? బొట్టుబిళ్ల కూడా పీకేశావు.”

అదీ నిజమే. కంప్యూటరు పైఅంచున ఒక కన్నుంటుందట, మనకి తెలియకుండా అందులోంచి ఎవరైనా చూడొచ్చట. దాని మీద నా బొట్టుబిళ్ల అంటించుకుంది. ఆ బిళ్లల అట్ట నాకు నెలంతా రావాలి. బొట్టు యంత్రానికెందుకే అని తిట్టి, పీకి అద్దానికి అంటించాను, మళ్ళీ వాడుకోవచ్చని.

అల్లిక చేతిలోకి తీసుకున్నాను. అప్పుడు గుర్తొచ్చింది, మధ్యాహ్నం ఆయన మెట్టెక్కుతుంటే నా చేతులు చేసిన పని. అల్లుతున్న పువ్వుని పమిట కిందికి తోసేశాను. మా వీధిలో లేసు అల్లేవాళ్ళందరికీ ఆ అలవాటుంది. కొత్త డిజైను ఏజెంటు తీసుకునేదాకా పక్కింటి ఆవిడకి కూడా చూపించం. రెండు వరసలు చూసిందంటే సాయంత్రానికి తనూ అల్లేస్తుంది. దాన్ని దొంగతనమని ఎవరూ అనలేదు ఇన్నేళ్ళలో. లేసంటే ఏమిటో తెలియని మనిషికి కూడా పువ్వు కనపడకుండా దాచాను. పిల్లని మాత్రం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టాను.

“ఏం రాశావో చదువు” అన్నాను.

ముక్కు తుడుచుకుని చదివింది. “ఈ కుళాయి నీళ్ళు పోస్తే పప్పు ఉడకటం మానేసింది. ఉప్పెయ్యకుండానే కూర ఉప్పగా ఉంటోంది. రొయ్యకి ఏ పూటకేం కావాలో కనుక్కుని మరీ పెడతారు, మా గొంతు సంగతి అడిగినవాడు లేడు.”

“ఇవి నా మాటలే కదే!”

“నీవే. రోజూ కుళాయి దగ్గర అరుస్తావుగా. నాకంత బాగా ఎక్కడొచ్చు?”

ఇంట్లో నా అరుపు ఎవరూ వినిపించుకోరనుకునేదాన్ని. ఇది ఒక్క ముక్క పోనివ్వకుండా ఏరుకుంది, తెగిన దారాలు నేను డబ్బాలో ఏరి పెట్టుకున్నట్టు. దగ్గరికి తీసుకోవడం నాకు అలవాటు లేని పని. “లే, కాళ్ళు కడుక్కుని అన్నం తిను” అన్నాను. గరిటెడు పప్పు ఎక్కువే వేశాను.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆయన వచ్చాడు. ముందురోజు కొనుక్కున్న టిన్ను నీళ్ళిచ్చాను. ఈసారి కుళాయి నీళ్ళు గ్లాసులో పోసి ఇచ్చాను.

“మీ మనవరాలు ఉందాండి?”

“జడేసుకుంటోంది, కాలేజీకి టైమైంది. నాతో మాట్లాడండి. ఆ మాటలు నావండి. సిమ్మూ నాదే, వేలిముద్రా నాదే. నా పేరు రాసుకోండి.”

“నిన్న రాయడం రాదన్నారు?”

“చెప్పడం వచ్చండి. నేను చెప్పిందే అది రాసింది.”

ఆయన ఒక గుక్క తాగి గ్లాసు అరుగు మీద పెట్టాడు. పుస్తకంలో రాసుకున్నాడు. చదివి వినిపించమంటే వినిపించాడు. నా పేరు, నేను చెప్పినవే ఉన్నాయి. మరి నిన్న రాసుకున్న పిల్ల పేరు కొట్టేస్తారా అని అడిగాను. ఆ కాగితం ఆఫీసులో ఇచ్చేశానండి అన్నాడు. బండెక్కి వెళ్ళిపోయాడు.

మా అబ్బాయి అప్పటికే చెరువు మీదికి వెళ్ళాడు. పిల్ల బస్సుకి పరుగెత్తింది. గ్లాసులో మిగిలిన నీళ్ళు మొక్కకి పోశాను. అద్దం మీది బొట్టుబిళ్ల తీసి కంప్యూటరుకి అంటిస్తే జిగురు లేక రాలిపోయింది. అట్టలోంచి కొత్తది తీసి అంటించాను.