పండగకి ముందు తిన్న మామిడికాయ

ముప్పై అయిదేళ్లుగా గుండెల మీద కుంపటి మోస్తున్నాను. ఇవాళ దింపుతున్నాను. మీరు జాలిపడనక్కర్లేదు. నా కోసం ప్రార్థన చేస్తానని అసలే అనకండి. మోకాళ్లు అరిగేదాకా నేనే చేశాను, ఏమీ కాలేదు. వింటే చాలు.

కింద ఊళ్లలో ఖద్దరు, రాట్నం అంటూ గొడవగా ఉన్న రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు. మిషన్ వాళ్లు పంపితే అరకు కొండల్లో ఒక చిన్న ఊరికి పంతులమ్మగా వెళ్లాను. బడి అంటే ఒక గడ్డికప్పు, ఒక నల్లబల్ల, పదకొండు మంది పిల్లలు. అందరికంటే ముందు బడికొచ్చింది సుక్రి కూతురు. సుక్రి నా పక్కింటి మనిషి, మొగుడు పోయాడు. ఊరంతా నన్ను ఎగాదిగా చూస్తున్నప్పుడు ఇంట్లోకి పిలిచి అంబలి పోసింది ఆవిడే.

ఆ చైత్రంలో నాతో ట్రైనింగ్ చదివిన రత్నం, శాంతమ్మ పార్వతీపురం నుంచి వచ్చారు. జలపాతం చూపించమని ఒకటే పోరు. సుక్రి దారి చూపిస్తానంది, మా అన్నం మూటలు తన గంపలో పెట్టుకుని నెత్తికెత్తుకుంది. తెల్లవారి బయల్దేరి, పొద్దు నడినెత్తికి వచ్చేసరికి చేరాం. వేసవి కదా, ధార సన్నగా ఉంది. అయినా ముగ్గురం చీరలు ఎగ్గట్టి నీళ్లలోకి దిగాం. నా బతుకులో అంతగా నవ్విన రోజు మరొకటి లేదు. ఆ మాట చెప్పడానికి నేనేం సిగ్గుపడను.

ఒడ్డున మామిడిచెట్టు, చేతికందే ఎత్తులో కాయలు. రత్నం చెయ్యి చాపగానే సుక్రి అడ్డుకుంది.

"ఒద్దమ్మా! మామిడి కొత్త ఇంకా సెయ్యనేదు. కొండతల్లికి ఎట్టకుండా ఎవులూ నోట్లో ఎట్టుకోకూడదు. ఊరికి సేటు."

అక్కడ ఏ పంటైనా అంతే. పండగ చేసి దేవతకి పెట్టాకే మనుషులు తినాలి. ఆ పండగనే కొత్త అంటారు. నాకు తెలుసు. తలూపాను. సుక్రి పుల్లలు ఏరడానికి అవతలికి వెళ్లగానే ముగ్గురం తలో కాయా కోసి, ఉప్పు అద్దుకుని తినేశాం. ఎందుకు? నోరూరింది, అంతే. తినడం పాపమని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను.

తర్వాత చేసింది చూడండి. తిన్నచోట చెత్త వెయ్యకూడదని మిషన్ హాస్టల్లో మాకు నూరిపోశారు. ఆ అలవాటు కొద్దీ తొక్కలూ జీళ్లూ ఒక అడ్డాకులో చుట్టి, దారిలో పారేద్దామని గంప అడుగున పెట్టాను. సుక్రి గంపలో. మరిచిపోయాను. తప్పు ఆవిడ మీదికి నెట్టాలనే పెట్టానా? ఈ విషయంలో నన్ను నేను వెయ్యిసార్లు నిలదీసుకున్నాను. లేదు.

మర్నాడు పొద్దున్నే స్నేహితురాళ్లు బండెక్కి వెళ్లిపోయారు. ఆ మధ్యాహ్నం వడగళ్ల వాన కురిసింది. ఊళ్లో ఏ మామిడిచెట్టు మీదా కాయ మిగల్లేదు. కొత్తకి ముందే ఎవరో నోట పెట్టారన్నాడు ఊరి పెద్ద. ఇల్లిల్లూ వెతికారు. సుక్రి వసారాలో గంప దొరికింది, గంపలో పొట్లం దొరికింది.

ఊరంతా పోగైంది. సుక్రి తిననేదంటే తిననేదంది. పెద్ద నా వైపు తిరిగాడు. మా దేవుణ్ణి నమ్మినవాళ్లు అబద్ధమాడరని నేను రోజూ పిల్లలకి చెప్పేదాన్ని. ఆ మాట ఇళ్లకీ చేరింది.

"పంతులమ్మా, నీ దేవుడి మీద సెప్పు. మీరేటైనా తిన్నారేటి?"

"లేదు. మేం తినలేదు."

నీళ్లు నమల్లేదు. నిజం చెబితే బడి పీకేస్తారని భయపడ్డానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. బూటకం! అంతమందిలో తల దించుకోవడం ఇష్టం లేకపోయింది. బడి నాకు దొరికిన సాకు.

సుక్రి నన్నే చూసింది. "పంతులమ్మ అబద్దమాడదు," అంది పెద్దతో. నమ్మి అందో, అందరి ముందూ నా చెంప పగలగొట్టిందో, ఈ రోజుకీ తెలీదు.

తప్పు ఒప్పుకుని కొండతల్లికి కోడిని కోస్తే సరిపోతుందన్నాడు పెద్ద. ఒప్పుకోవే తల్లీ, ఒప్పుకోవే అని మనసులో బతిమాలుకున్నాను.

"సెయ్యని పని సేసినానని సెప్పను," అంది సుక్రి.

వెలేశారు. నిప్పు ఇచ్చేవాళ్లు లేరు, ఊటనీళ్లు తోడుకోనిచ్చేవాళ్లు లేరు. మూడో రోజు కూతురి చెయ్యి పట్టుకుని చింతపల్లి వైపు నడిచిపోయింది. నేను బడి గుమ్మంలోంచి చూస్తూ ఎక్కాలు చెప్పాను, పదిమందికి.

అదంతా వాళ్ల మూఢనమ్మకం, మీరేం చేస్తారు అంటారేమో. ఆ మాట నా దగ్గర అనకండి. కాయకీ వడగళ్లకీ సంబంధం లేదని నాకూ తెలుసు. నా అబద్ధానికీ సుక్రి వెలికీ ఉన్న సంబంధం మాటేమిటి? దేవుడు క్షమిస్తాడంటారా? ఆయనెవరండీ క్షమించడానికి? ఊరొదిలి వెళ్లింది ఆయనా?

రెండుసార్లు చింతపల్లి సంతకి వెళ్లాను. సుక్రి అనే మనిషి ఉందా అని ఒక్కరినీ అడగలేదు. ఉంది అంటారని భయం. బడి మాత్రం నిలబడింది. పదవీ విరమణ నాడు నా నిజాయితీని మెచ్చుకుని మెడలో దండ వేశారు. వేయించుకున్నాను.

ఆ రోజు అడిగిన పెద్ద ఇప్పుడు లేడు. ఆయనకి ఇవ్వాల్సిన జవాబు మీకు ఇస్తున్నాను. సుక్రి తినలేదు. నేను తిన్నాను. పొట్లం గంపలో పెట్టింది నేనే.

చూశారా, ఒక్క గుక్కలో అయిపోయింది.