క్రియ దొరికింది, అర్థం దొరకలేదు

ఆ రోజుల్లో ఇంగ్లిష్ క్రియలతో నేను చేసిన మహాసంగ్రామం గురించి ఇప్పుడు మీకు చెప్పబోతున్నాను. అందులో కోట ఉంది, సైన్యం ఉంది, చివర్లో జనసముద్రం ముందు ఒంటరిగా నిలబడ్డ వీరుడున్నాడు. నిజం చెప్పాలంటే కోట అంటే దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక టిఫిన్ సెంటర్ మీదున్న కోచింగ్ సెంటరు, సైన్యమంటే అందులో బెంచీల మీద కుక్కిన మేము, జనసముద్రమంటే ఎల్‌బీ నగర్‌లో మా కాలనీ చర్చికి వచ్చే వందమంది లోపు మనుషులు. వీరుడి సంగతి మీరే చూస్తారు. ‘ఆ రోజులు’ కూడా మరీ ఆ రోజులేం కావు, అప్పటికే మెట్రో తిరుగుతోంది. (నాకింకా వయసు చాలక, ఎప్పటి సంగతి చెప్పినా మొన్నటిలాగే వినిపిస్తుంది.)

డిగ్రీ అయ్యాక సర్కారీ ఉద్యోగం కోసం ఆ సెంటర్లో చేరాను. అక్కడ ఇంగ్లిష్ చెప్పే సారుకు మేము పెట్టిన పేరు ఏబీసీడీ సారు. గుంటూరు వైపు మనిషి. పరీక్షలో ఒక వాక్యాన్ని ఎ, బి, సి, డి అని నాలుగు ముక్కలు చేసి, తప్పు ఏ ముక్కలో ఉందో చెప్పమంటారు. ఆ తప్పు చాలాసార్లు క్రియ దగ్గరే దాక్కుంటుంది. దాన్ని పట్టడానికి సారుకొక పద్ధతి ఉంది. “అర్థం జోలికి పోకండి బాబూ, టైమైపోద్ది. కర్త ఎవరో చూడండి, వాడి క్రియ ఏదో చూడండి. మధ్యలో చుట్టాలొచ్చి కూర్చుంటారు, వాళ్లతో మనకి మాటల్లేవు. కర్త ఒక్కడైతే క్రియ కూడా ఒక్కడికి సరిపడేలా ఉండాలి. నిన్న అన్న మాట కనబడిందా, క్రియకి గతం తగిలించారో లేదో చూడండి. ఇద్దరికీ పడట్లేదని తెలిసిందా, అక్కడ టిక్కు పెట్టి వెళ్లిపోండి. వాళ్ల కాపురం మనకెందుకు?” అనేవారు.

ఈ విద్యలో నేను త్వరగానే ఆరితేరాను. ఏడాది తిరిగేసరికి ఒక పేజీ వాక్యాల్లో తప్పులన్నీ టీ చల్లారేలోపు పట్టేసేవాణ్ణి. వాటిలో ఒక్క వాక్యమూ ఏం చెబుతోందో నాకు తెలియదు, తెలుసుకోవాలన్న కోరికా లేదు. క్లాసులో అందరి పరిస్థితీ అదే. ఒకసారి కొత్తగా చేరిన అమ్మాయి లేచి, “సార్, అసలు గీ వాక్యానికి అర్థమేంది?” అని అడిగితే క్లాసంతా ఆమె వైపు జాలిగా చూసింది. “నువ్వు స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరాల్సిందమ్మా, అది పక్క బిల్డింగు,” అన్నారు సారు.

మా నాన్నకు సరూర్‌నగర్‌లో వెల్డింగ్ షాపు ఉంది. గేట్లు, కిటికీ గ్రిల్స్ చేస్తాడు. నా చదువుకు ఆయన ఇచ్చిన గడువు ఆ వేసవితో అయిపోతుంది, ఆ తరువాత నేను షాపులో కూర్చోవాలి. నాకు షాపంటే భయం. (అంతకు ముందొకసారి నేను అతికించిన గేటును ఇంటాయన ముచ్చటపడి తెరిస్తే అది ఆయన చేతిలోకి వచ్చేసింది.) అమ్మ మాత్రం మా వాడు ఇంగ్లిష్ కోచింగ్‌కు పోతున్నాడని చర్చిలో కనబడ్డ ప్రతి ఒక్కరికీ చెప్పుకుంది. దాని ఫలితం ఒక ఆదివారం పొద్దున్నే పాస్టరయ్య రూపంలో మా ఇంటికొచ్చింది.

“కేరళ నుంచి దైవసేవకులొచ్చిన్రమ్మా. ఇంగ్లిష్‌ల మాట్లాడ్తరు. తెలుగుల చెప్పే మన బ్రదర్‌కు జ్వరం,” అన్నాడాయన.

“పరేషాన్ ఎందుకయ్యా, మా పెద్దోడున్నడు గద. ఏడాది సంది గదే పని మీదున్నడు,” అంది అమ్మ.

“అమ్మా, నేను నేర్చేది వేరే ఇంగ్లిష్,” అన్నాను.

“వేరే ఇంగ్లిషేంది? గదేమన్న బిర్యానీనా, రకాలుండనీకె?”

నాన్న టీ గ్లాసు కింద పెట్టాడు. చర్చికి క్రిస్మస్‌కు తప్ప రాని మనిషి. “నేను గూడ వస్త. అందరి ముంగట నిలవడి చెప్పినవా, సదువుకో. లేకుంటే రేపటి సంది షాపు,” అన్నాడు. మా చెల్లె (డిగ్రీ మొదటి ఏడు, ఇంగ్లిష్ అర్థాలతో సహా వచ్చిన ద్రోహి) “నేనైతే ముంగట వరసల్నే కూసుంట,” అంది. అనువాదం చెల్లెను చేయమని అడగాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. కోచింగ్‌కు పోయేది నేను కదా.

మా దగ్గర పద్ధతేమిటంటే, ప్రసంగీకుడు ఒక వాక్యం చెప్పి ఆగుతాడు, పక్కనున్నవాడు దాన్ని తెలుగులో చెబుతాడు, జనం ఆమెన్ అంటారు, అప్పుడు రెండో వాక్యం. అతిథి తెల్లగడ్డం పెద్దాయన, మెత్తని గొంతు. మొదటి వాక్యం చెప్పి నా వైపు చూశాడు. నేను శ్రద్ధగా విన్నాను. కర్త ఒక్కడే, క్రియ వాడికి సరిపోయింది, మధ్యలో ఎవరో చుట్టాలు. తప్పు లేదు. ఆ మాట ప్రమాణం చేసి చెప్పగలను. ఏం చెప్పాడన్నది మాత్రం చెప్పలేను. మైకులోంచి ఫ్యాను చప్పుడు వినిపిస్తోంది. వెనక చెప్పుల దగ్గర నాన్న చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“దేవుడు మంచివాడు,” అన్నాను. (ఏ ప్రసంగంలోనైనా ఎక్కడో ఒకచోట ఈ మాట వస్తుంది, కాస్త ముందుగా చెప్పేశాను.) జనం ఆమెన్ అన్నారు.

రెండో వాక్యంలో క్రియకు గతం తగిలించి ఉంది. అంటే ఏదో జరిగిపోయిందన్నమాట. అందులో నాకు అందిన మాటలు రెండే, వాన, నీళ్లు. మా కాలనీలో వాన, నీళ్లు అన్నాక మిగతా కథ ఎవరూ చెప్పక్కర్లేదు. “మొన్న వానకు మన గల్లీలకు నీళ్లొచ్చినయి,” అన్నాను. చర్చి పైకప్పు రేకులు అదిరేలా ఆమెన్ వచ్చింది. అతిథి ఉత్సాహపడి ఇంకాస్త పొడుగు వాక్యం వదిలాడు. నేను మా ఖాళీ గ్యాస్ సిలిండర్ తేలుకుంటూ పోయి పక్కింటి గేటు దగ్గర ఆగిన సంగతి చెప్పాను. ఆయన గొంతు తగ్గించి తరువాతి వాక్యం చెప్పాడు. నేను ఆ సిలిండర్ మాదేనంటే పక్కింటామె ఒప్పుకోని వైనం చెప్పాను. ఆమె మూడో వరసలోనే ఉంది. జనం నవ్వడం మొదలుపెట్టారు. అతిథి కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకుంటున్నాడు. చెల్లె చున్నీ నోట్లో కుక్కుకుంది. ఆయన నవ్వుతున్న జనాన్ని చూశాడు, నన్ను చూశాడు, ఆ తరువాత చాలా చిన్న వాక్యం చెప్పాడు. అదొక్కటి నాకు అర్థమైంది. ప్రార్థన చేద్దాం అంటున్నాడు. అందరికంటే ముందు నేనే కళ్లు మూసుకున్నాను.

మధ్యాహ్నం అన్నాల దగ్గర అమ్మ మురిసిపోతోంది. “ఎంత మంచిగ చెప్పినవ్ కొడుకా. గింత సమజయ్యే ప్రసంగం నేనెన్నడు వినలే.”

“అమ్మా,” అంది చెల్లె. “చిన్నప్పుడు గాయన తమ్ముడు వానల కాలువల వడి కొట్టుకపోయిండంట. ఎవరో గుంజి బతికించిన్రంట. గది యాదికొచ్చి ఏడుస్తుండు పాపం. మనోడేమో సిలిండర్ ముచ్చట చెప్తుండు.”

అమ్మ చేతిలో గరిటె ఆగింది. నాన్న నా వైపు తిరిగాడు. “నిజమేనారా?”

“తమ్ముని సంగతి నాకు తెల్వది నాన్నా. సిలిండర్ సంగతి మాత్రం నిజం.”

“గాయన చెప్పింది ఒక్క ముక్క సమజ్ కాలే?”

“కాలే.”

“అయినా ఆఖరి దాకా నిలవడ్డవ్. కాళ్లు వణకలే?”

“వణికినయి. ముంగట బల్ల అడ్డమున్నది.”

నాన్న పప్పు కలుపుకోవడం మొదలుపెట్టాడు. రేపు పొద్దున షాపు షట్టర్ ఎత్తే దృశ్యం నాకు కనబడిపోయింది. చివరికి ఆయన అన్నాడు. “నువ్వు షాపుకు రాకు. తెల్వనిది తెల్సినట్టు చేస్తే షాపుల గేటు ఊడి మనిషి మీద పడ్తది. ఆఫీసుల అయితే ఏం పడది. పోయి సదువుకో.”

అలా నేను దిల్‌సుఖ్‌నగర్‌కు తిరిగి వెళ్లి, ఇంకో ఏడాది క్రియలను పట్టి, ఉద్యోగం తెచ్చుకున్నాను. ఆ కేరళ పెద్దాయన మరోసారి వచ్చినప్పుడు చెల్లె అనువాదం చేసింది. పొల్లు పోకుండా చెప్పింది, ఆయన ఏడ్చినచోట జనమూ ఏడ్చారు. బయటికొచ్చాక మాత్రం ఇద్దరు ముసలమ్మలు, “సిలిండర్ పిలగాడు రాలేదా?” అని అడిగారట. ఇప్పటికీ ఎవరైనా ఇంగ్లిష్‌లో మాట్లాడితే నాకు ముందు క్రియ వినబడుతుంది, ఆ తరువాతే మనిషి కనబడతాడు. మైకు ముందు బల్ల పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడు గుర్తొస్తే భుజం తట్టి, కాస్త అర్థం కూడా చూసుకోరా అనాలనిపిస్తుంది. ముఖ్యంగా పరీక్ష నోటిఫికేషన్‌ది. దాన్ని నేను ఉద్యోగంలో చేరాక తీరిగ్గా చదివాను. ఆ పరీక్షలో ఇంగ్లిష్ పేపరు అర్హత కోసమే, పాసైతే చాలు, మార్కులు ర్యాంకులో కలపరు.