పదకొండు ఫోటోలు

మేడ్చల్‌లో మా స్టూడియో అద్దం మీద ‘మీ జ్ఞాపకాలు మా దగ్గర భద్రం’ అని ఎర్ర అక్షరాలతో రాయించింది నేనే. పెయింటర్ ‘భద్రం’ చిన్నగా రాస్తే, పోట్లాడి మరీ పెద్దగా రాయించాను. ఇప్పుడు షట్టర్ ఎత్తేటప్పుడు ఆ మాట వైపు చూడను.

మా దగ్గర ఫోటోలు దిగినవాళ్లు వాటిని వెంటనే తీసుకుపోరు. ఆల్బమ్‌కు మంచివి ఎంచి ఇవ్వమంటే ఏడాదైనా ఇవ్వరు. పెన్‌డ్రైవ్‌లో వేసిస్తానంటే, “ఇంట్ల పోతది, నీ దగ్గరనే ఉండనియ్యి అన్నా” అంటారు. ఆ మాటకు నేను లోలోపల మురిసిపోయేవాణ్ని. అంతమంది నమ్మకాన్నీ తీసుకెళ్లి ఒకే ఒక్క హార్డ్‌డిస్క్‌లో పెట్టాను. రెండో కాపీ ఉండాలని తెలియక కాదు, బద్ధకం.

తుర్కపల్లి ల్యాబులకు కంపెనీ క్యాబ్ నడిపే ఒకాయన ఓ మధ్యాహ్నం భార్యను వెంటబెట్టుకుని వచ్చాడు. వాళ్ల పెళ్లి ఆల్బమ్ వానకు తడిసి ముద్దయిందట. అప్పటినుంచి ఇద్దరూ కలిసి దిగిన ఫోటో ఒక్కటీ లేదట. కొత్త చొక్కా మడతలు కూడా పోలేదు, మనిషి కర్రలా బిగుసుకుపోయి నిలబడ్డాడు. పదిసార్లు నొక్కినా అదే మొహం. పదకొండోసారి ఆమె పక్కనుంచి ఏదో గొణిగింది. ఆయన పళ్లన్నీ కనబడేలా నవ్వాడు.

“ఇల్లు కడుతున్నం. స్లాబ్ పడ్డంక గీ నవ్విందే పెద్దగ జేయించుకుంటం” అంది ఆమె. అప్పటిదాకా ఫోన్లో పంపమని ఆయన అడిగాడు. “ఫోన్ల ఏస్తే ఫోటో ఖరాబైతది, అసలుది నా దగ్గరుంటది” అని పెద్ద తెలిసినవాడిలా చెప్పి పంపేశాను.

ఏడాది దాటాక ఆమె ఒక్కతే వచ్చింది. ఆయన గుండె ఆగి పోయాడట. వచ్చే నెల ఏడాదిమాసికం.

“స్లాబ్ పడ్డది అన్నా. ఆయనే సూడలే. గా నవ్విన ఫోటో పెద్దగ జేసియ్యి” అంది.

“ఉన్నది చెల్లె, వచ్చే వారం రా” అన్నాను. ఆ పూటే తీసి ప్రింట్‌కు పంపాల్సింది. వారం ఉంది కదా అని ఊరుకున్నాను.

మూడో రోజుకు హార్డ్‌డిస్క్ టక్ టక్ మని కొట్టుకోవడం మొదలుపెట్టింది. పేట్ బషీరాబాద్‌లో ఇలాంటివి చూసే మెకానిక్ దగ్గరికి పొద్దున్నే పరుగెత్తాను. అతను చెవి దగ్గర పెట్టుకుని విని, తన మెషీన్‌కు తగిలించి, ఎలాగో ఫోల్డర్లు కనబడేలా చేశాడు.

“ఎంతసేపు నడుస్తదో నేను సెప్పలేను. ఇంకేడ దొరకనియి ముందుగాల తీస్కో. చిన్నయి ముందు, పెద్దయి ఎన్క” అన్నాడు.

తెలుగులోనే చెప్పాడు. నాకు అర్థమైంది కూడా.

అయినా నేను ముందు నొక్కింది అలియాబాద్ దిక్కు పొలాలను ప్లాట్లు చేసిన ఒక పెద్దమనిషి గృహప్రవేశం ఫోల్డర్. రెండు కెమెరాలు, డ్రోను, రెండు రోజుల వీడియో. ఆయన చెబితే నాకు పెళ్లిళ్లు వస్తాయి. ఆయనకు కోపమొస్తే రావు. క్యాబ్ డ్రైవర్ ఫోల్డర్ దాని కిందనే కనబడుతోంది. దాన్ని చూశాను. చూడలేదని అబద్ధం ఆడలేను. పదకొండే ఫోటోలు, చిన్నదే కదా, ఎప్పుడైనా నిమిషంలో వచ్చేస్తుందిలే అనుకున్నాను.

కాపీ నత్తనడక నడిచింది. మధ్యలో డిస్క్ వేడెక్కితే ఆపి, చల్లారాక మళ్లీ మొదలుపెట్టాం. రెండుసార్లు చాయ్ తాగాను. సాయంత్రానికి గృహప్రవేశం పూర్తయింది. ఆమె ఫోల్డర్ మీద చెయ్యి పెట్టేసరికి లోపల గరగరమని గీసుకున్న చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. మెకానిక్ విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

“లోపల తిరిగే పల్లెం మీద గీతలు వడ్డయ్. ఇగ ఏడికి పంపినా రాదు. ముందు ఏది తీసినవ్?”

చెప్పాను. అతను నా మొహంలోకి ఒకసారి చూసి, మళ్లీ స్క్రూలు బిగించుకుంటూ కూర్చున్నాడు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది.

మర్నాడు కొత్త డిస్కులు రెండు కొన్నాను. ఇప్పుడు ఏ ఫోటో తీసినా ఆ పూటే రెండింటిలో పడుతుంది, అడగకపోయినా వాళ్ల ఫోన్‌కూ పోతుంది. ఆ రోజు మాత్రం రెండింటిలోనూ ఉన్నది గృహప్రవేశం ఒక్కటే. ఫైళ్లు భద్రంగా ఉన్నాయని పెద్దమనిషికి ఫోన్ చేసి చెప్పాను. మెచ్చుకుంటాడని ఆశ కూడా ఉండింది, దాచుకోవడం దేనికి.

“గా వీడియోనా? మా అల్లుడు ఫోన్ల తీసిందే సూస్తున్నం. నువ్వు తీసెయ్యి, జాగ దండుగ” అన్నాడు.

చెప్పిన రోజుకు ఆమె వచ్చింది. హార్డ్‌డిస్క్ పాడైందని, పెద్ద ఫైళ్లు అందులోంచి బయటికి రావడం కష్టమని చెప్పాను. అంతవరకు నిజమే. ఆమె చీర కొంగు ముడి విప్పి ఆయన ఆధార్ కార్డు తీసి బల్ల మీద పెట్టింది. దాన్నే స్కాన్ చేసి, మచ్చలు తుడిచి, నాకు చేతనైనంత పెద్దగా చేశాను. ఎంత పెద్దగా చేస్తే మొహం అంత అలుక్కుపోయింది. ఆ మొహంలో నవ్వు లేదు.

ఫ్రేమ్ తీసుకుపోవడానికి వచ్చినప్పుడు, నా వాలకం చూసి జాలేసిందో ఏమో, ఆమే నన్ను ఓదార్చబోయింది.

“నువ్వేం జేస్తవ్ అన్నా. బాగనే కోషిష్ జేసి ఉంటవ్. మావి మస్తు పెద్దగ ఉండె కావచ్చు, గందుకే బయటికి ఎల్లనట్టుంది.”

నిజం చెప్పడానికి నోరు తెరిచాను.

“అవును చెల్లె, పెద్దగనే ఉండె” అన్నాను.

ఆమె తలూపి, ఫ్రేమ్‌ను కొంగుతో కప్పుకుని శామీర్‌పేట వైపు వెళ్లే ఆటో ఎక్కింది.